పేరుకు వదిలిన చోటు

పెళ్లికూతురి మేనమామ ఇంకా గిద్దలూరులోనే ఉన్నాడట. పెద్దదోర్నాలలో ఆయనకు రోడ్డు పక్కన హోటలు ఉంది. పొద్దున శ్రీశైలం పోయే బండ్లు గుంపుగా వచ్చి ఆగితే వాళ్లందరి ఇడ్లీలకు జవాబు చెప్పి కదిలేసరికి ఆలస్యమైంది, ఇప్పుడు చీర సంచి ఒళ్లో పెట్టుకొని కొమరోలు వైపు బస్సు కోసం కూర్చున్నాడు. ఆయన తెచ్చే చీర కట్టకుండా పెళ్లికూతురు పీట మీదికి రాదు, ఆమె పీట మీదికి రాకుండా నలుగు లేదు, నలుగు లేకుండా పాట లేదు. అంటే ఇంకో గంట. ఆ సంగతి తెలియగానే షామియానా కింద ఆడవాళ్లంతా ఉస్సురంటూ కొంగులతో విసురుకోవడం మొదలుపెట్టారు. కీబోర్డు వెనక ఆదిశేషు మాత్రం బతికిపోయాననుకున్నాడు. హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకొని ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. ఈ గంటలో ఒక పేరు తయారు చెయ్యాలి. పందిరి, పప్పు, వడ్డించే విస్తరి, అన్నీ సిద్ధంగా ఉన్న పెళ్లింట్లో సిద్ధంగా లేనిది పెళ్లికూతురి పేరొక్కటే అంటే ఎవరైనా నవ్వుతారు. అతనికి నవ్వే ఓపిక కూడా లేదు.

బయట కట్టిన ఫ్లెక్సీ మీద సురేష్ పక్కన ప్రసన్న అని ఉంది. ఫోనులో చెప్పింది కూడా ప్రసన్న అనే. నిన్న మార్కాపురంలో ఇంట్లో కూర్చొని ఆ పేరును పాటలో అతికించి, నాలుగుసార్లు విని, బాగుందనుకొని వచ్చాడు. తీరా ఇక్కడ దిగి స్టాండు నిలబెట్టి, కుంటే కాలి కింద ఎప్పటిలాగే విరిగిన పలక ముక్క దోపుతుంటే పెళ్లికూతురి అవ్వ పుల్లమ్మ వచ్చింది. అతన్ని దాటుకొని నేరుగా రాధిక దగ్గరికి పోయింది. పాడేది రాధిక కదా, అడగాల్సింది ఆమెనే. ఆదిశేషు భార్య అయినా సరే, పాట విషయం వచ్చేసరికి జనం కళ్లకు అతను కుర్చీ లాంటి వాడు. పుల్లమ్మ రాధిక గడ్డం పుచ్చుకొని, "అమ్మా, ఆ బడిలో రాసిన పేరు పాటలో వద్దు. శ్రీశైలమ్మ అని పాడాల. మా అత్త పేరు. పిల్ల పుట్టినప్పుడు ఆ పేరే పెట్టుకున్యాం. మా ఆడబిడ్డలందరికీ ఆమె చేత్తోనే నలుగు పెట్టింది. నలుగు కాడ పేరు పెట్టి పిలిస్తే వచ్చి మా మధ్యన కూర్చుంటది" అంది. చనిపోయిన మనిషిని పక్కూరి నుంచి పిలిపిస్తున్నంత మామూలుగా అంది. రాధిక తల ఊపింది. ఊపకుండా ఉండాల్సింది అని ఆదిశేషుకు అప్పుడే అనిపించింది, కానీ ఊపిన తల వెనక్కి తీసుకోలేం.

రాధిక పాడి ఏడాది దాటింది. ఆ సంగతి మొగుడూ పెళ్లాం తప్ప ఇక్కడ మూడో మనిషికి తెలియదు. గొంతులో గడ్డ తీశారు. తీసేటప్పుడు స్వరం పోవచ్చని ముందే చెప్పారు, పోయింది, ఎవరినీ అనడానికి లేదు. పూర్తిగా పోయినా ఒక దారి. మాట ఉంది, బొంగురుగా, గాలి ఎక్కువా శబ్దం తక్కువా అయి ఉంది. బయటివాళ్లు అడిగితే గొంతు పట్టిందంటుంది. పాట మాత్రం నిలువెత్తు స్పీకర్లలోంచి ఎప్పటిలా తేనె కారుతూనే ఉంది, ఎందుకంటే అది ల్యాప్‌టాప్‌లో ఉంది. పాత గొంతు ఒక పచ్చ పట్టీగా తెర మీద పాకుతుంటుంది. దాని కింద ఢోలకు ఒక పట్టీ, తాళాలు ఒక పట్టీ, కోరస్ ఒక పట్టీ. రాధిక పట్టుచీర కట్టుకొని మైకు ముందు నిలబడి తన పాటకు తానే పెదవులు కదుపుతుంది. మైకు మీట ఆపేసి, పొరపాటున కూడా వేలు తగిలి కదలకుండా దాని మీద నల్ల టేపు చుట్టి పెట్టాడు ఆదిశేషు. మొదటిసారి ఆ టేపు చుట్టేటప్పుడు రాధిక చూస్తూ నిలబడింది. దొంగతనమేముంది, ఇంకొకరి గొంతు కాదు కదా, నీదే కదా, అన్నాడు. అది నిజమే. 

కానీ పెళ్లి పాటలకు ఒక చిక్కు ఉంది. సినిమా పాటయితే ఎవరి పెళ్లికైనా ఒకటే పాట. నలుగు పాట, పూలజడ పాట, మంగళహారతి అట్ల కాదు. పెళ్లికూతురి పేరు పాటలో పడాలి. పడకపోతే ఆ పాట ఆ పిల్లది కాదు, ఊరిది. రాధికకు ఈ పాటలన్నీ వాళ్ల అవ్వ నోట వచ్చినవి. ఆ అవ్వ పాడేటప్పుడు పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, పిల్ల ముఖం చూసి అప్పుడు పేరు ఎత్తుకునేదట. అందుకే ఆదిశేషు ఈ పాటలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించినప్పుడు ప్రతి పాటలో ఒక చోటు ఖాళీగా వదిలాడు. పచ్చ పట్టీ సాఫీగా వచ్చి అక్కడ తెగి, కొంచెం దూరం తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఆ తెగినచోట పేరు పెట్టాలి. ప్రతి ప్రోగ్రామునూ ఫోనులోనో కార్డులోనో రికార్డు చేసి దాచే పిచ్చి అతనికి పెళ్లి కాకముందు నుంచీ ఉంది. ఆ పిచ్చే ఇప్పుడు అన్నం పెడుతోంది. పాత పెళ్లిళ్లన్నీ తవ్వి, రాధిక పాడిన పేర్లన్నీ గింజలు ఏరినట్టు ఏరి పెట్టుకున్నాడు. లావణ్యలు, మౌనికలు, భార్గవిలు, ఎంతమంది కావాలంటే అంతమంది ఉన్నారు. ఈ కాలం పిల్లల పేర్లు పది మందికి ఒకటే కాబట్టి సరిపోయింది. శ్రీశైలమ్మ మాత్రం లేదు. ఆ పేరుగల పెళ్లికూతురు ఈ చుట్టుపక్కల కనిపించి ఎన్నాళ్లయిందో.

లేకపోతే ఏం, ముక్కలు ఉన్నాయి. శ్రీదేవిలో శ్రీ ఉంది. శైలజలో శైల ఉంది. సావిత్రమ్మలో అమ్మ ఉంది. మూడూ కోసి, పక్కపక్కన పెట్టి, అంచులు కలిపితే శ్రీశైలమ్మ. ఆలోచన తట్టగానే తన తెలివికి తానే మురిసిపోవాల్సింది. ఎందుకో మురవలేకపోయాడు. ఎండ వల్ల అనుకున్నాడు. పొద్దున్నే కంభం దగ్గర ఒక గృహప్రవేశం ముగించుకొని తిండి సరిగ్గా తినకుండా వచ్చారు, మొన్న దర్శి, అటు మొన్న ఎక్కడో. షామియానా గుడ్డ వేడెక్కి ఒక రకం వాసన వేస్తోంది, పక్కనే దొడ్లో గొర్రెలు ఎండకు తలలు ఒకదాని కింద ఒకటి దూర్చి నిలబడ్డాయి. వాటికైనా నీడ ఎక్కడ దొరుకుతుందో తెలుసు. అతను దొనకొండ అని రాసి ఉన్న ఫైలు తెరిచాడు.

శ్రీ. అర సెకను కూడా లేదు. దాని వెనక గాలి హోరు. దొనకొండ స్టేషనుకు దగ్గర్లో శ్రీదేవి పెళ్లి, కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు, సాయంత్రం గాలిదుమారం లేచి షామియానా ఒక పక్క కూలిపోయింది, కరెంటు పోయింది, కీబోర్డు మూగబోయింది. పెళ్లివాళ్లు దిక్కులు చూస్తుంటే రాధిక మైకు పక్కన పెట్టి ఊరికే గొంతెత్తింది. అప్పట్లో వాళ్లతో ఉన్న గురవయ్య ఢోలకు అందుకున్నాడు. ఆదిశేషుకు చెయ్యడానికి ఏమీ లేక, ఫోను పట్టుకొని ఊరికే నిలబడి పెళ్లాం పాట విన్నాడు. పొలాల అవతల సిగ్నలు లేక ఆగిన గూడ్సు బండి గార్డు డబ్బాలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. అంత దూరానికి వినిపించింది. ఆ రాత్రి ఆమెకు ఏం చెప్పాలనుకున్నాడు? గార్డు నిలబడిన సంగతి చెప్పాడు. తను కూడా అట్లే నిలబడిపోయానని చెప్పలేదు. చెబితే ఏం పోయేదో ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు ఆ శ్రీ లోంచి గాలిని తీసెయ్యాలి, దూరంగా బండి కూత కూడా ఉంది, అదీ తీసెయ్యాలి. తెర మీది మీట బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి గాలి తగ్గించాడు. గాలితో పాటు గొంతులో ఏదో కూడా పోయింది. మళ్లీ కొంచెం గాలి రానిచ్చాడు.

రాధిక వేదిక చివర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. మెడకు బిగుతుగా నల్లపూసలు, వాటి కింద ఆపరేషను కోత గీత దాగి ఉంది. ఆడవాళ్లు ఎవరో మజ్జిగ తెచ్చి ఇచ్చి, మొన్న ఫలానా పెళ్లిలో ఎంత బాగా పాడినావమ్మా, అంటుంటే ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు ఈ మధ్య నేర్చుకున్నది. పొగడ్త ఎవరికో వచ్చిన ఉత్తరమైనట్టు, తను అందుకొని ఉంచినట్టు నవ్వుతుంది. గృహప్రవేశం దగ్గర కూడా అంతే, ఒక ముసలామె రాధిక గొంతు నిమిరి ఆ చెయ్యి మనవరాలి గొంతుకు రాసింది. వచ్చే దారిలో ఆటోలో రాధిక కొంగుతో మెడ తుడుచుకుంటూనే ఉంది. చెమటే కదా అని అతనూ పట్టించుకోలేదు.

శైల. ఇది గిద్దలూరు, శైలజ అనే పిల్ల ఓణీల ఫంక్షను. ఈ ముక్క వినగానే భుజాలు ముడుచుకున్నాడు. ఆ శైలలో కోపం ఉంది. పాడే మనిషి అటు పిల్లను చూడకుండా ఇటు మొగుణ్ని చూసి పాడితే వచ్చే పదును అది. ఆ పొద్దున బస్సులో గొడవ. అప్పుడే కొత్తగా ఈ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నాడు, మోజు. కోరస్ పాడే ఇద్దరినీ మాన్పించి, రాధిక చేతనే నాలుగు వరసలు పాడించి, ఒకదాని మీద ఒకటి పరిచి, ఒక్క మనిషి నలుగురైనట్టు చేశాడు. అది చూపించి మెప్పు కోసం ఎదురుచూస్తే ఆమె కిటికీ వైపు తిరిగి, "అయితే నేను రాకపోయినా జరుగుతుందన్నమాట" అంది. అతను నవ్వి, "జరుగుతుంది" అన్నాడు. పరాచికానికే అన్నాడు. నోటి మాట నోట్లో ఉండగానే తప్పు తెలిసింది, కానీ తప్పు తెలియడమూ ఒప్పుకోవడమూ ఒకే బస్సులో ప్రయాణం చెయ్యవు. ఇప్పుడు ఆ మాట అక్షరాలా జరుగుతోంది. రాధిక లేకుండానే రాధిక జరుగుతోంది.

మొదట్లో ఐదుగురం ఉండేవాళ్లం అనుకున్నాడు. ఇప్పుడు ఇద్దరు, ఒక ల్యాప్‌టాప్. గురవయ్య ఢోలకును ఒక వారం కూర్చోబెట్టి రికార్డు చేశాడు. గురవయ్య కూడా ఉత్సాహంగానే వాయించాడు పాపం, ఎందుకోసమో తెలిసీ తెలియక. ఇప్పుడు కొమరోలు అవతల సొంత మేకలు మేపుకుంటున్నాడు. కనిపిస్తే ఏందిరా నా చేతులు బాగున్నాయా అని అడుగుతాడు, నవ్వుతూనే. బాగున్నాయి మామా, అలుపు లేదు వాటికి, అంటాడు ఆదిశేషు. ల్యాప్‌టాప్ టీ అడగదు, అలగదు, బస్సు తప్పిపోయిందని ఫోన్ చెయ్యదు. పాట ఎక్కడ మొదలుకావాలో, ఎక్కడ వేగం పెరగాలో, చరణానికి వేణువు శబ్దం ఎప్పుడు రావాలో, మళ్లీ పల్లవికి వయొలిన్లు ఎప్పుడు రావాలో అంతా ముందే రాసిపెట్టాడు. కీబోర్డు శబ్దాలు వాటంతట అవే మారతాయి, అతను మీట కూడా నొక్కక్కర్లేదు. మధ్యలో చెమట తుడుచుకోవడానికి రెండు చేతులూ ఎత్తినా పాట ఆగదు. మొదటిసారి అట్లా చేతులెత్తినప్పుడు గర్వంగా అనిపించింది. తర్వాత తర్వాత, చేతులు మళ్లీ కిందికి దించడం దేనికా అనిపించసాగింది. ఊళ్లో అందరూ ఎంత పని చేశావురా ఆదిశేషూ అంటారు. చేసింది తనను తాను ఖాళీ చేసుకోవడం. పైగా ఈ అలుపు. పని తగ్గినకొద్దీ అలుపు పెరగడం ఎక్కడైనా ఉందా?

అమ్మ. ఈ ముక్క అతను ఇంతకు ముందు సరిగ్గా విననే లేదు. మార్కాపురంలో సావిత్రమ్మ దంపతుల షష్టిపూర్తి, ఆపరేషనుకు ముందు రాధిక పాడిన ఆఖరి ప్రోగ్రాముల్లో ఒకటి. సావిత్ర అన్నాక, అమ్మ అనే లోపు, ఒక గుటక ఉంది. చాలా చిన్నది. స్పీకర్లలో వినిపించదు. హెడ్‌ఫోన్లలో, ఇంత దగ్గరగా, తెర మీద గీతలను ఇంత పెద్దవి చేసి చూస్తుంటే, కనిపిస్తోంది కూడా. రాధిక నొప్పిని మింగి ఆ అమ్మను పాడింది. ఆ రోజు గొంతు ఏదో గీసుకుపోతోంది అంటే దుమ్ము అన్నాడు, వేడినీళ్లు తాగమన్నాడు, జీర వినబడకుండా మిక్సరులో సర్ది చాలా బాగా కవరు చేశానని సంబరపడ్డాడు. గుటక ముందు వరకూ ఒక మనిషి, గుటక తర్వాత ఇంకో మనిషి. అతను తెర మీద ఆ గుటక వరకే గుర్తు పెట్టి పట్టుకున్నాడు. కోస్తే అతుకు బాగుంటుంది. వేలు మీట మీద ఉంచి అట్లే కూర్చున్నాడు. ఏడుపు వస్తుందేమో అని భయం వేసింది. పెళ్లింట్లో కీబోర్డు వాయించేవాడు ఏడిస్తే అశుభమంటారు. కోశాడు.

మూడూ పక్కపక్కన పెట్టాడు. శ్రీ పొడుగ్గా ఉంది, శైల కొంచెం పైశ్రుతిలో ఉంది, అమ్మ కింద పడుతోంది. ఒకదాన్ని లాగాడు, ఒకదాన్ని నొక్కాడు. శ్రీ, శైల, అమ్మ. విన్నాడు. బస్టాండులో రాబోయే బస్సు పేరు చెప్పే ఆడగొంతులా ఉంది. అతికితే గతకదని ఊరికే అనలేదు పెద్దలు. మళ్లీ సర్దాడు. ఈసారి కొంచెం నయం. గోలలో ఎవరు పట్టుకుంటారు? ఆడవాళ్లు అప్పటికి పసుపులో మునిగి ఉంటారు, పుల్లమ్మకు చెవులు అంతంత మాత్రమే కావచ్చు. తనలో తాను ఇంత నీచంగా లెక్క వేసుకుంటున్నాడని గుర్తించేసరికి పక్కన పట్టుచీర గరగర వినిపించింది. రాధిక వచ్చి నిలబడింది.

చెయ్యి చాపింది. హెడ్‌ఫోన్లు ఇచ్చాడు. ఆమె చెవులకు పెట్టుకొని, పక్కన ఎవరూ లేనట్టు కళ్లు మూసుకుంది. అతను మీట నొక్కాడు. రెండుసార్లు విన్నది. మూడోసారి నొక్కబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. హెడ్‌ఫోన్లు తీసి, ఆ బొంగురు గాలిగొంతుతో, చెవి దగ్గరికి వంగి అడిగింది.

"వీళ్లు ముగ్గురూ ఎవరు బావా?"

 తెర మీద మూడు ముక్కలు అంచులు కలుపుకొని బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి. ఇంకో పావుగంట ఇస్తే సరిచేస్తానని గొణిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ పేరు తనే పాడతానంది. ఆమె మాటిచ్చింది పుల్లమ్మకు, మిషనుకు కాదు. అతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "అందదు రాధికా. శ్రుతి పైనుంది. మూడు మాటలకే పట్టేస్తది, అందరి ముందరా పరువు పోతది" అన్నాడు. ఆమె అతని వైపు చూసింది. కోపంగా కాదు. కోపమైతే ఆ శైల లాగా ఉండేది, తట్టుకునేవాడు. అలిసిపోయిన మనిషి అలిసిపోయిన ఇంకో మనిషిని చూసినట్టు చూసి, తిరిగి తన కుర్చీలోకి పోయి కూర్చుంది. ఎవరి పరువు అని ఆమె అడగలేదు. ఆమె అడగని మాట అతనే తనను తాను అడిగాడు.

శ్రుతి పైనుంది అన్నాడు కదా. ఎవరి శ్రుతి? ఈ పాట ఐదేళ్ల కిందటి రాధిక శ్రుతిలో ఉంది. ఇప్పటి రాధికది ఏ శ్రుతి? అతనికి తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా చుట్టం సరదాగా ఒక పాట పాడతానని వేదిక ఎక్కితే, వాడు తాగి ఉన్నా సరే, ముందు వాడి చేత ఒక ముక్క పాడించి, కీబోర్డు మీద శ్రుతి మార్చే బటన్ నొక్కుకుంటూ వాడి గొంతు ఎక్కడుందో వెతికి, అక్కడికి పాటను దించి ఇచ్చేవాడు. అది అతని విద్య. తాగుబోతుల గొంతులన్నీ వెతికినవాడు, ఏడాదిగా ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన, నీ శ్రుతి ఇప్పుడు ఎక్కడుంది అని పెళ్లాన్ని ఒక్కసారి అడగలేదు. గొంతు పోయిందన్నారు, పోయిందనుకున్నాడు. ల్యాప్‌టాప్‌లో మంచిది ఉండగా పాడైపోయినదాని జోలికి పోవడం దేనికి అనుకున్నాడు. స్నానాల గదిలోంచి ఒకసారి ఏదో సన్నగా వినిపించింది. పంపు చప్పుడేమో అనుకున్నాడు. పంపు చప్పుడు కాదని అప్పుడే తెలుసు.

వీధిలో ఆటో ఆగింది. మేనమామ వచ్చినాడు, వచ్చినాడు అని పిల్లలు పరుగెత్తారు. లావుపాటి మనిషి, చంకలో సంచి, చొక్కా మొత్తం తడిసిపోయి, క్షమించండమ్మా అంటూ లోపలికి పోయాడు. చీర మారింది. పెళ్లికూతుర్ని తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. చుట్టూ చాపలు పరిచి ఆడవాళ్లు సర్దుకున్నారు. పుల్లమ్మ పీటకు దగ్గరగా చాప మీద చతికిలబడి, నలుగుపిండి గిన్నె ఒళ్లోకి తీసుకొని, ఇంక కానీమ్మన్నట్టు రాధిక వైపు చూసింది. రాధిక లేచి మైకు ముందుకు వచ్చింది. ఆదిశేషు పెద్ద బటన్ నొక్కాడు. గురవయ్య చేతులు మొదలయ్యాయి, తాళాలు కలిశాయి, వయొలిన్లు వాటంతట అవే లేచాయి, తెర మీద సన్నటి నిలువు గీత ఎడమ నుంచి కుడికి కదిలింది.

పసుపు నూరండమ్మ పడుచులందరు గూడి, అంది పాత రాధిక, ఎంతో చల్లగా. ఈ రాధిక పెదవులు కలిశాయి. చందనం తియ్యండి గిన్నెకెత్తండి. ఆడవాళ్లు తలలూపుతున్నారు. నిలువు గీత పచ్చ పట్టీ చివరికి పాకుతోంది. దాని అవతల అతుకుల పేరు, మూడు చిన్న ముక్కలు. ఆదిశేషు చేతులు కీబోర్డు మీద ఉన్నాయి గానీ చూపు రాధిక చేతుల మీద ఉంది. ఆమె పెదవులు పాట తప్పడం లేదు, చేతులు మాత్రం మైకును కిందినుంచి పట్టుకొని ఏదో చేస్తున్నాయి. బొటనవేలి గోరు. నల్ల టేపు అంచు లేచింది. ఎండకు జిగురు కరిగి ఉంది, తేలిగ్గా వచ్చేసింది, వేలు మైకు మీటను పైకి తోసింది. వద్దు అని అరవబోయాడు, అరవలేదు. రెండూ ఒకేసారి మోగితే ఇంక అంతకంటే నవ్వుబాటు ఉండదు, ఏదో ఒకటి ఆపాలి, ఆపగలిగింది ఒకటే. మా ఇంటి ముద్దుల, అంటూ పాత గొంతు ఆ చోటి అంచుకు వచ్చి నిలిచింది. అతను ఆ మూడు ముక్కలను మూగ చేసేశాడు. ఒక్క క్షణం ఖాళీ. రాధిక పెళ్లికూతురి ముఖం చూసింది.

"శ్రీశైలమ్మ" అంది.

ఎండిన తాటాకు నేల మీద ఈడ్చినట్టు వచ్చింది ఆ మాట. శ్రుతికి చాలా కింద, సగం గాలి, చివర చీలిక. అది పూర్తికాగానే, ఏమీ జరగనట్టు, పీటెక్కి కూర్చుంది చూడరమ్మా అని తేనెగొంతు అందుకుంది. నలుగు పెడుతున్న చేతులు ఆగిపోయాయి. ఒకే నోట్లోంచి రెండు గొంతులు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కరికీ అర్థమవుతూ వచ్చింది, ముఖాల మీద అది కనిపించింది. ఎవరో పడుచుపిల్ల కిసుక్కుమంది. రాధిక పెదవులు కదపడం మానేసి నిలబడింది, పాట మాత్రం సాగుతోంది, పెద్దింటి పిల్లకు పన్నీరు చల్లరే అంటూ, సిగ్గు లేకుండా, అలుపు లేకుండా. ఆదిశేషుకు ఆ గొంతు మీద ఒళ్లు మండింది. జీవితంలో తను ఎక్కువ ప్రేమించిన గొంతు అది. స్పేస్ బటన్ మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఢోలకు, తాళాలు, వయొలిన్లు, నలుగురు రాధికలు. జనరేటర్ గురగుర, దొడ్లో గొర్రె అరుపు మిగిలాయి. వేదిక కింద నుంచి ఎవరో మగమనిషి ఏందయ్యా ఇది అంటున్నాడు. ఆదిశేషు తల ఎత్తలేదు. కీబోర్డు మీద ఎడమ పక్కనున్న ఆ పాత బటన్ కోసం వెతికాడు, ఏడాదిగా ముట్టుకోక దాని మీద దుమ్ము పేరుకుంది. రెండుసార్లు కిందికి నొక్కి, ఒంటి వేలితో షడ్జమం పట్టి ఉంచి, రాధిక వైపు చూశాడు. ఆమె మైకు దగ్గరే మెల్లగా దానికి గొంతు ఆనించి చూసింది. అందలేదు. ఇంకొకటి దించాడు. ఆమె కళ్లు మూసుకొని ఇంకోసారి ఆనించింది. తర్వాత, మైకు తెరిచి ఉందని మరిచిపోయిందో, గుర్తుండే అన్నదో, ఆ ఊరంతా వినేలా అంది.

"ఇంకొంచెం కిందికి, బావా."

దించాడు. ఇంత కింద ఆడవాళ్లెవరూ పాడరు. అక్కడ ఉంది ఆమె. ఆ గుర్రుమనే షడ్జమం మీద రాధిక గొంతు వచ్చి కూర్చుంది, బాగుందని కాదు, కూర్చుంది. వాళ్ల అవ్వ ముసలితనంలో ఇట్లే పాడేదేమో. ఆమె మొదటి నుంచి ఎత్తుకుంది. పసుపు నూరండమ్మ. ఆదిశేషు రెండు చేతులతో వెంట నడిచాడు, ఆమె ఆగినచోట ఆగి, ఊపిరి తీసుకున్నచోట ఊపిరి తీసుకొని. చేతులు తడబడ్డాయి, ఎన్నాళ్లయిందో ఇట్లా వాయించి. కిసుక్కుమన్న పిల్ల ఊరుకుంది. ముసలివాళ్లు ఒకరిద్దరు తెలిసిన పాటే కదా అని సన్నగా అందుకున్నారు. చందనం తియ్యండి. మా ఇంటి ముద్దుల. ఆ చోటు వచ్చింది. ఆదిశేషు రెండు చేతులూ పైకి తీసేశాడు. రాధిక పిల్ల ముఖం చూసి, ఊపిరి నింపుకొని, నెమ్మదిగా, ఆఖరు దాకా పలికింది శ్రీశైలమ్మ అని.

పుల్లమ్మ నలుగుగిన్నె కింద పెట్టి, చాప మీద కొంచెం పక్కకు జరిగి, అత్తకు చోటిచ్చింది.